ఆరు గజాల రిసీవర్

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. కొబ్బరికాయ లాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇల్లు కొన్న తెలుగువాడికి, ఆ ఆట ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టు హెడ్డాఫీసు ఊళ్లోనే ఉంటుంది. ఆఫీసువాళ్లు పిలుస్తారు, కాదనలేక ఫ్యాంటసీ లీగులో చేరిపోతాం. అసలు ఆటగాళ్లని మన ఉత్తుత్తి టీములో పెట్టుకుంటే, వాళ్లు మైదానంలో ఆడినదానికి మనకి పాయింట్లు. లెక్క సులువే. విసిరిన బంతిని అందుకునేవాడు రిసీవర్. అతను బంతి పట్టుకుంటే 1 పాయింటు, పది గజాలు వెళ్తే ఇంకోటి, బంతితో ఆఖరి గీత దాటితే, అంటే టచ్‌డౌన్‌కి, 6. క్రికెట్ ఫ్యాంటసీ ఆడినవాడికి రెండు నిమిషాల పని. బుర్రకెక్కనిదల్లా ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి. అసలు జట్లూ చేస్తాయి, లీగులో మనమూ చేస్తాం.

2024 అక్టోబరు 29, మంగళవారం. రిసీవర్ డియాంటే జాన్సన్‌ని కరోలినా పాంథర్స్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ జట్టుకి ఇచ్చేసింది. వాట్సాప్ గ్రూపులో వార్త పడిన అరగంటకి మన టీములో జాన్సన్ ఉన్నాడు, అతనికి బదులిచ్చిన క్లీవ్‌లాండ్ రిసీవర్ జెరీ జూడీ లేడు. మధ్యలో ఏం జరిగిందని అడక్కండి. అవతలివాడు "సరే బావా, నీ ఇష్టం" అన్నాడు. ఆ "నీ ఇష్టం" దగ్గరే ఆగి ఉండాల్సింది.

మన తర్కం పెళ్లి సంబంధాల తర్కం. కరోలినా పేద కొంప, బాల్టిమోర్ జమీందారు లోగిలి. అక్కడ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, లమార్ జాక్సన్. 2019లోనూ 2023లోనూ ఎంవీపీ, అంటే ఆ సీజన్ల మేటి ఆటగాడు. పేదింట్లోనే 7 మ్యాచ్‌ల్లో 30 క్యాచ్‌లు, 357 గజాలు, 3 టచ్‌డౌన్లు లాగినవాడు, అంటే వారానికి దాదాపు 12 పాయింట్లు, జమీందారింటికి ఇల్లరికం వెళ్తే ఇంకెంత తింటాడో!

ఏమీ తినడు. పేదింట్లో వండింది తినేవాడు ఇతనొక్కడే కాబట్టి గిన్నె మొత్తం ఇతని ముందుకే జరిగేది. లోగిట్లో విస్తళ్లు ఎప్పుడో వేసేశారు. రిసీవర్లు జే ఫ్లవర్స్, రషాడ్ బేట్‌మన్, వాళ్లలాగే బంతి పట్టే టైట్ ఎండ్లు మార్క్ ఆండ్రూస్, ఐజాయా లైక్లీ. వీళ్లందరికీ వడ్డించే లోపు బోలెడన్ని బంతులు విసరకుండానే డెరిక్ హెన్రీ చేతికిచ్చి పరిగెత్తిస్తారు. రిసీవర్ విలువ క్వార్టర్‌బ్యాక్ ఎంత గొప్పవాడన్న దాంట్లో కన్నా, జట్టు విసిరే బంతుల్లో ఎన్ని ఇతని వైపు వస్తాయన్న దాంట్లో ఉంటుంది. నాలుగింట ఒకటి వస్తే రాజభోగం. పదింట ఒకటైతే వేసేది సాక్షాత్తూ లమార్ అయినా పస్తే. పైగా మంగళవారం చేరినవాడు కొత్త జట్టు సైగలు, పరుగు తీయాల్సిన దారులు నేర్చుకునేసరికి ఆదివారం వచ్చేస్తుంది. మొదటి ఒకటి రెండు వారాలు అతన్ని బెంచీ మీదే ఉంచాలి. ఇవన్నీ మనకి తెలుసు. తెలిసే చేశాం.

బేరం ధర చూసినా తెలిసేది. బాల్టిమోర్ ఐదో రౌండు పిక్, అంటే కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో ఐదో విడత వంతు, ఒకటిచ్చి, జాన్సన్‌తో పాటు ఆరో రౌండు పిక్ కూడా వెనక్కి పుచ్చుకుంది. సంతలో కొసరుగా వేసే కరివేపాకు ధర అది. అదే 2018లో మన కౌబాయ్స్ రిసీవర్ అమారి కూపర్ కోసం మొదటి రౌండు పిక్ ధారపోశారు. అంత పోసి కొన్నవాణ్ణి ఊరికే కూర్చోబెట్టరు కాబట్టి 9 మ్యాచ్‌ల్లో 53 క్యాచ్‌లు, 725 గజాలు, 6 టచ్‌డౌన్లు వచ్చాయి. ఫ్రిస్కో జనానికి ట్రేడ్ అనగానే ఆ కూపరే గుర్తొస్తాడు. పిక్ ఎన్నో రౌండుదో ఎవడికీ గుర్తుండదు.

అన్నిటికన్నా ఒళ్లుమండేది యాప్. జట్టు మారగానే, పాత సగటుకి కొత్త క్వార్టర్‌బ్యాక్ పేరు అంటించినట్టు, అతని పేరు పక్కన పచ్చ బాణం పైకి లేచింది. "ఈ వారం అంచనా" అని దశాంశంతో సహా ఒక అంకె. దశాంశం ఉందంటే ఎవడో కూర్చుని లెక్కేశాడనుకుంటాం. పంచాంగంలో కూడా ఘడియలు, విఘడియలు ఉంటాయి మరి.

ఇక ఫలితం. బాల్టిమోర్ తరఫున నాలుగు మ్యాచ్‌లు. క్యాచ్‌లు, ఒకటి. గజాలు, ఆరు.

ఈ ఆరు గజాల దగ్గర కాస్త ఆగాలి. తెలుగువాడికి ఆరు గజాలంటే చీర. నాలుగు వారాలు, నాలుగు మ్యాచ్‌లు, వారానికి మూడేసి గంటలు సోఫాలో కూర్చుని, ఇంట్లో "ఇంకా అవలేదా?" అన్నప్పుడల్లా "ఆఖరి క్వార్టరు" అని అబద్ధమాడి సంపాదించింది ఒక్క చీర. అదీ జాకెట్టు గుడ్డ లేకుండా. పాయింట్లలో 1.6, వారాలకి పంచితే తలా 0.4. కరోలినాలో ఉన్నప్పుడు ఇదే మనిషి 357 గజాలు, అంటే దాదాపు అరవై చీరలు నేశాడు. పెళ్లింటి పెట్టుబడులన్నీ వెళ్లిపోయేవి. మడిచీరకి తొమ్మిది గజాలు కావాలి కాబట్టి బాల్టిమోర్ సరుకుతో బామ్మగారికి కట్టబెట్టడం కూడా కుదరదు. జట్టుకి కొత్త డౌన్లు, అంటే బంతితో మళ్లీ నాలుగు ప్రయత్నాలు, దక్కాలన్నా పది గజాలు కావాలి, దానికీ చాలదు. ఏ కొలతకీ అందని గుడ్డ అది.

బై వీక్ సంగతి వేరే. ప్రతి జట్టుకీ ఒక వారం సెలవు. కరోలినాది 11వ వారం, బాల్టిమోర్‌ది 14. ఆటగాడు జట్టు మారితే సెలవూ మారుతుంది. అలా మన సెలవు, చాలా లీగుల్లో ప్లేఆఫ్‌లకు ముందు ఆఖరి వారమైన పద్నాలుగుకి వచ్చి కూర్చుంది. ట్రేడ్ కొట్టే ముందు క్యాలెండర్ చూసుకోవడం రెండు నొక్కుల పని.

డిసెంబరు 1, ఫిలడెల్ఫియాతో మ్యాచ్. బేట్‌మన్‌కి దెబ్బ తగిలింది. చోటు ఖాళీ. ఇన్నాళ్లకి విస్తరి దొరికిందని మనం సోఫాలో ముందుకి జరిగాం. ఆటలోకి వెళ్లమంటే జాన్సన్ వెళ్లలేదు. అందుకే ఒక మ్యాచ్ సస్పెండ్ చేస్తున్నామని మూడు రోజుల తర్వాత జట్టు ప్రకటించింది. ఆ రోజు మాత్రం టీవీలో అతను కనపడకపోతే వైఫై పోయిందేమోనని రూటర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ వేశాం.

మర్నాడు సోమవారం రాత్రి జూడీ ఆట, డెన్వర్‌లో. ట్రేడ్ వార్త వినగానే అందరం వెళ్లినవాడి వెనకాలే పరిగెడతాం. అతను వదిలేసిన విస్తరి మాత్రం పాత ఇంట్లోనే ఉంటుంది. అక్టోబరు మధ్యలో క్లీవ్‌లాండ్ అదే అమారి కూపర్‌ని బఫలోకి పంపేసింది. అతనికెళ్లే బంతులన్నీ దిక్కులేనివయ్యాయి. ఆ వారంలోనే క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి గాయమై, కొద్దిరోజుల్లో జేమిస్ విన్‌స్టన్ వచ్చాడు. ఇతనికి బంతి చేతిలో ఉండటమే ఇష్టముండదు, మనవాడా పరాయివాడా చూడకుండా విసిరేస్తాడు. ఆ రాత్రి 497 గజాలు విసిరాడు. 4 టచ్‌డౌన్లు, ప్రత్యర్థులకి 3 దానాలు.

జూడీకి 9 క్యాచ్‌లు, ఒక టచ్‌డౌన్, 235 గజాలు. పాయింట్లు 38.5. చీరల్లో అయితే ముప్పై తొమ్మిది, పైన ఒక గజం జాకెట్టు గుడ్డ.

ఆ వారం మన ప్రత్యర్థి ఎవరో చెప్పక్కర్లేదు. "థాంక్స్ బావా" అని మెసేజీ పెట్టాడు, కింద దణ్ణం బొమ్మ. వెంటనే యాప్ తెరిచి జాన్సన్ పేరు మీద డ్రాప్ నొక్కాం. "ఈ ఆటగాడి మ్యాచ్ మొదలైపోయింది. ఈ వారం ముగిసేదాకా తీసేయడం కుదరదు" అంది. పక్కన పచ్చ బాణం.