కొట్లోనా, ఆన్‌లైన్‌లోనా: తుపాకీ కొనుగోలుపై ఒక ధర్మవిచారణ

తుపాకీ కొనాలా వద్దా అన్న ప్రశ్న టెక్సస్‌లో ఏనాడో పరిష్కారమైపోయింది. ఇప్పుడు పెద్దమనుషులను రెండు పక్షాలుగా చీలుస్తున్న ప్రశ్నల్లా, దాన్ని ఊళ్లోని కొట్లో కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా అన్నది. తెలుగువారు దట్టంగా స్థిరపడిన ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వంటి డాలస్ పరిసరాల ఊళ్లలో, పిల్లల కూచిపూడి క్లాసు ముగిసేదాకా కార్లలో కాచుకుని కూర్చునే తండ్రుల మధ్య సైతం ఈ చర్చ ఇంటి రుణాల వడ్డీని పక్కకు నెట్టే స్థాయికి వచ్చింది. ఇంతటి గంభీరమైన విషయంపై తెలుగులో సరైన విచారణ జరగకపోవడం మన భాషకు లోటు కాబట్టి, ఆ లోటును పూడ్చే బాధ్యతను సవినయంగా నెత్తికెత్తుకుంటున్నాను.

కొట్టు పక్షం వాదన ప్రధానంగా నైతికమైనది. ఊరి డబ్బు ఊళ్లోనే తిరగాలని, ఎక్కడో గిడ్డంగిలో కూర్చున్న కంపెనీకి కాక మన వీధి చివరి వ్యాపారికి నాలుగు డాలర్లు మిగలాలని వారు కోరుకుంటారు. పిస్తోలు బరువు చేతికి తెలియాలి, పిడి అరచేతిలో ఇమడాలి, ట్రిగ్గర్ బిగువు వేలికి అందాలి. తెర మీది బొమ్మ ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదని వారి వాదన. కౌంటర్ వెనకాల నిలబడే పెద్దాయనకు అనుభవం ఉంటుంది, మన నడుము చుట్టుకొలత చూసి ఏ ఒర సరిపోతుందో మొహమాటం లేకుండా చెప్పగలడు. పైగా కొట్టుకు చట్టం వారపు సెలవు విధించలేదు. టెక్సస్‌లో ఆదివారం విస్కీ అమ్మే కొట్టు మూసి ఉండి తీరాలి, రైఫిళ్లు అమ్మే కొట్టుకు మాత్రం అటువంటి నిషేధం లేదు. కొనుగోలుదారు తూలకుండా ఉంటే గురి దానంతటదే కుదురుతుందని శాసనకర్తలు భావించి ఉంటారు.

ఆన్‌లైన్ పక్షానిది ఆర్థిక శాస్త్రం. అక్కడ వేల రకాలు ఉంటాయి, ధర తక్కువ, నక్షత్రాల లెక్కన సమీక్షలు ఉంటాయి, నవంబరులో థాంక్స్‌గివింగ్ మర్నాడు టీవీలతోపాటు తుపాకులకూ తగ్గింపు దొరుకుతుంది. 2017లో ఆ ఒక్క శుక్రవారం నాడు, తుపాకీ కొనేవారి పూర్వాపరాలు పరిశీలించే ఎఫ్‌బీఐ తనిఖీ కేంద్రానికి 2,03,086 అభ్యర్థనలు వచ్చాయంటే, పండుగ పూట ఆత్మరక్షణ అవసరం ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

మనవాళ్లు సంప్రదాయబద్ధంగా ఈ రెండు పక్షాలకూ చెందరు. చీరల కొట్లో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గుట్టగా చీరలు విప్పించి, ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి, “మళ్లీ వస్తామండీ” అని లేచిపోయే విద్య మనకు ఉగ్గుపాలతో అబ్బింది. ఆ విద్యే ఇక్కడా అక్కరకు వస్తుంది. కొట్లోకి వెళ్లి నాలుగైదు పిస్తోళ్లు దింపించి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, పెద్దాయన చేత అరగంట పాఠం చెప్పించుకుని, మోడల్ నంబరును ఫోనులో ఫొటో తీసుకుని బయటపడి, పార్కింగులోనే ఆన్‌లైన్‌లో ధర వెతకడం మన మధ్యేమార్గం. “కొట్లో చూడన్నా, ఆన్‌లైన్‌లో కొనన్నా” అని సీనియర్లు జూనియర్లకు ఉపదేశిస్తూ ఉంటారు.

ఈ ఉపదేశంలో ఒక చిన్న లోపం ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ ఇంటికి రాదు.

ఇది చాలామంది కార్డు నంబరు కొట్టిన తరువాత గ్రహించే సత్యం. తుపాకీ ఎక్కడికి పంపాలో చెప్పమని వెబ్‌సైటు అడిగినప్పుడు మన ఇంటి చిరునామా చెల్లదు; కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న స్థానిక వ్యాపారి ఎవరినో ఎంచుకోవాలి. అమ్మకందారు ఆ వ్యాపారి లైసెన్సు నకలును సరిచూసుకుని పార్సిల్ అతనికి పంపుతాడు. అతను దాన్ని తన చిట్టాలో రాసుకుని మనకు కబురు చేస్తాడు. అంటే ఏ కొట్లోంచి “మళ్లీ వస్తాం” అని లేచి వచ్చామో, చాలా సందర్భాల్లో నిజంగానే మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాలి, ఆ పెద్దాయన ముందే నిలబడాలి. అతను మనల్ని గుర్తుపడతాడు. గుర్తుపట్టినందుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసుకుంటాడు. ఈ ఫీజుకు ప్రభుత్వ నిర్ణీత ధర అంటూ లేదు, కొట్టుకొక రేటు. తన అరలో ఉన్న వస్తువునే బయట నుంచి తెప్పించుకున్నవారి దగ్గర ఎక్కువ వసూలు చేసే కొట్లు కూడా ఉన్నాయి. ఆ అదనపు మొత్తాన్ని నేను పాఠం చెప్పినందుకు గురుదక్షిణగా పరిగణిస్తాను.

లెక్క వేసి చూద్దాం. కొట్లో 550 డాలర్లున్న పిస్తోలు ఆన్‌లైన్‌లో 500కు దొరికిందనుకుందాం. రవాణాకు 15, ట్రాన్స్‌ఫర్‌కు 35 వేస్తే మొత్తం 550 అవుతుంది. ఒకప్పుడు ఇతర రాష్ట్రాల అమ్మకందార్లు పన్ను వసూలు చేయకపోవడం వల్ల ఆన్‌లైన్ పక్షానికి కొంత ఊపిరి ఉండేది; 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలకు వారి దగ్గర కూడా అమ్మకం పన్ను రాబట్టే వీలు కలగడంతో ఆ కాస్త ఊపిరీ పోయింది. మధ్యలో మిగిలిన లాభం వారం రోజుల నిరీక్షణ, పెద్దాయన చూపు. తూటాలు మాత్రం టెక్సస్‌లో నేరుగా గుమ్మం దాకా వస్తాయి, వాటిని కొట్లోంచి తెచ్చుకోనక్కరలేదు. తుపాకీ లేకుండా తూటా నిరపాయకరమన్న తర్కం ఇందులో ఇమిడి ఉంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేము.

పార్సిల్ నేరుగా ఇంటికి రాకపోవడానికి కారణం వెతికితే దారి తిరిగి మన డాలస్‌కే చేరుతుంది. 1963లో అమెరికాలో తుపాకీ తపాలాలో వచ్చేది. ఒక పత్రికలోని ప్రకటన నుంచి కూపన్ కత్తిరించి, ఎ. హిడెల్ అన్న దొంగపేరుతో, 21 డాలర్ల 45 సెంట్ల మనీఆర్డరు జతచేసి షికాగోలోని క్లైన్స్ అనే దుకాణానికి పంపిన యువకుడికి, దూరం చూసే అద్దం బిగించిన ఇటలీ రైఫిల్ డాలస్ పోస్టుబాక్సుకు క్షేమంగా అందింది. రైఫిల్, అద్దం కలిపి 19.95, తపాలా ఖర్చు ఒకటిన్నర డాలరు. ఆ ఏడాది నవంబరు 22న దాన్ని అధ్యక్షుడు జాన్ కెనెడీ మీద గురిపెట్టిన సంగతి చెప్పనక్కరలేదు. ఆ తరువాత తపాలా తుపాకుల మీద చట్టం తేవడానికి అమెరికా చట్టసభకు ఐదేళ్లు పట్టింది. మధ్యలో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ కూడా పోవలసి వచ్చింది. 1968 చట్టం పుణ్యమా అని రాష్ట్రం దాటి వచ్చే తుపాకీ లైసెన్సున్న వ్యాపారి చేతుల మీదుగానే కొనుగోలుదారుకు చేరాలి. ఆన్‌లైన్ పక్షం ఎంత ఆధునికమైనదైనా దాని పార్సిల్ ఇంకా 1968లోనే ఆగిపోయింది.

కాబట్టి ఏ దారిన వచ్చినా చివరికి నిలబడేది ఒకే కౌంటర్ ముందు, నింపేది ఒకే కాగితం. దాని పేరు ఫారం 4473. నిజమైన కొనుగోలుదారు మీరేనా, మీరు చట్టం నుంచి తప్పించుకుని తిరుగుతున్నారా, మీకు గంజాయి అలవాటు ఉందా అని అది మర్యాదగా అడుగుతుంది, మనం అవును కాదు అని మర్యాదగా టిక్కు పెడతాము. తరువాత వ్యాపారి ఎఫ్‌బీఐ వ్యవస్థను సంప్రదిస్తాడు. 1998 నవంబరు నుంచి నడుస్తున్న ఈ ఏర్పాటులో చాలామందికి నిమిషాల్లో సరే అన్న సమాధానం వస్తుంది. సందేహం ఉంటే ఆగమంటారు. ఆగమని చెప్పి మూడు పనిదినాలు గడిచినా ఏ జవాబూ రాకపోతే, కేంద్ర చట్టం ప్రకారం వ్యాపారి సాధారణంగా తుపాకీ ఇచ్చేయవచ్చు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు సగంలో ఆపారు, అమెరికా ప్రభుత్వం దాన్ని పూర్ణాంగీకారం చేసింది. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి పిస్తోలు ఈ మౌనం గుండానే బయటికి వచ్చింది.

ఆన్‌లైన్‌లో కొంటే ప్రభుత్వానికి ఆనవాలు దొరికిపోతుందని, కొట్లో నగదు ఇస్తే దొరకదని నమ్మే సోదరులు కొందరున్నారు. వారిని ఊరడించడం నా విధి. ఏ దారిలో కొన్నా ఫారం కొట్లోనే ఉంటుంది, తుపాకీ యజమానుల జాతీయ జాబితా తయారు చేయకూడదని 1986 చట్టమే ప్రభుత్వం చేతులు కట్టేసింది. మూతపడిన కొట్ల కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ప్రభుత్వ కేంద్రానికి పెట్టెలకు పెట్టెలుగా చేరతాయి. అక్కడ వాటిని కంప్యూటర్‌లోకి ఫొటోలుగా ఎక్కిస్తారు, అయితే పేరు కొట్టి వెతికే వీలు మాత్రం ఉండకూడదు. గుమాస్తాలు తెర మీద ఒక్కొక్క పుటా తిప్పుకుంటూ పోవాలి. ఇంతకన్నా గోప్యత కావాలంటే తాళపత్రాలకు వెళ్లాలి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ మాత్రలను మాత్రం మందుల షాపులో గుర్తింపు కార్డు చూపి, సంతకం పెట్టి, రోజుకు 3.6 గ్రాములకు మించకుండా కొనాలి. ఆ పూటే ఇంకో షాపుకు వెళ్లి అడిగితే అక్కడి కంప్యూటర్‌కు మన జలుబు చరిత్ర ముందే తెలిసి ఉంటుంది.

ఇక మనవారిలో పెద్ద సంఖ్యలో ఉన్న హెచ్-1బి సోదరుల సంగతి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనరాదని కేంద్ర చట్టం ఖండితంగా చెబుతుంది. చెప్పి, వెంటనే ఒక కిటికీ తెరుస్తుంది: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే కొనవచ్చు. టెక్సస్ నివాసికి వేట లైసెన్సు 25 డాలర్లు. వేటాడి చూపించమని ఎవరూ అడగరు. దీని ఫలితంగా, ఏకాదశికి ఉపవాసం ఉండి, ద్వాదశి నాడు పప్పూ ఆవకాయలతో పారణ చేసి, వంటింట్లో బొద్దింక కనిపిస్తే భార్యను పిలిచే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కాగితం మీద జింకలకూ అడవిపందులకూ సింహస్వప్నమవుతాడు. అతని గ్రీన్‌కార్డు రావడానికి దశాబ్దాలు పడుతుంది, ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి అరవై రోజుల గడువు, వీసా ముద్ర కోసం హైదరాబాదు వెళ్తే తిరిగి వచ్చేదాకా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. అతనికి ఈ దేశంలో పాతిక డాలర్లకు సమకూరే స్థిరమైన హోదా వేటగాడిది ఒక్కటే. స్వదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు సంపాదించి, ఆ తరువాత తుపాకీ కొని, ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసుస్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకునే పెద్దలను చూసి పెరిగిన మనిషికి ఈ సౌలభ్యం కళ్లు చెమర్చేలా చేయడంలో ఆశ్చర్యం లేదు.

ఇంతవరకు వచ్చిన చదువరులకు, ఇరుపక్షాలూ ఇన్నాళ్లుగా తేడా లేనిచోట తేడా కోసం పోట్లాడుకుంటున్నాయన్న అనుమానం కలిగి ఉంటుంది. అది నిజమే. తేడా ఉన్న చోటు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పోట్లాడుకోవడం లేదు. అక్కడ కొట్టూ లేదు, పార్సిలూ లేదు. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత తుపాకీని అదే రాష్ట్రంలో నివసించే మరొక వ్యక్తికి అమ్ముకుంటే, కేంద్ర చట్టం గానీ టెక్సస్ చట్టం గానీ ఫారం నింపమని అడగవు, తనిఖీ చేయమని అడగవు. కొనేవాడు అనర్హుడని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ అమ్మకూడదు, ముఖ్యంగా అంతే. తెలుసుకోవాలన్న నిబంధన లేదు కాబట్టి తెలియకుండా ఉండటం కష్టమేమీ కాదు. ఇటువంటి అమ్మకాల ప్రకటనలకే ప్రత్యేకంగా వెబ్‌సైట్లు ఉన్నాయి, తుపాకుల సంతలైన గన్ షోలలోనూ బేరాలు కుదురుతాయి. ఏదో ఒక పార్కింగులో ఇద్దరు కలుసుకుని, నగదు ఇచ్చి, వస్తువు తీసుకుని, కరచాలనం చేసుకుని వెళ్లిపోతారు. ఈబే 1999లోనే తుపాకుల అమ్మకం మానుకుంది, ఫేస్‌బుక్ 2016లో ప్రైవేటు అమ్మకాలను నిషేధించింది, అయినా పార్కింగు స్థలాలకు కొరత రాలేదు. 2014లో కొట్లో తనిఖీలో అనర్హుడిగా తేలి తుపాకీ దొరకని ఒక టెక్సస్ వ్యక్తి తరువాత ఈ మూడో దారిలో రైఫిల్ సంపాదించి, 2019 ఆగస్టు 31న మిడ్‌లాండ్, ఒడెస్సా వీధుల్లో ఏడుగురిని కాల్చి చంపాడు. కౌంటర్ వెనకాల పెద్దాయన తన పని తాను సక్రమంగానే చేశాడు.

ఇరుపక్షాలు ఏ ప్రమాణాలతో వాదించుకుంటున్నాయో ఆ ప్రమాణాలతోనే తీర్పు చెప్పమంటే, ఈ విచారణలో మూడో దారే గెలుస్తుందని విన్నవించక తప్పదు. అమ్మేవాడు మన రాష్ట్రం మనిషే కాబట్టి కొట్టు పక్షం కోరినట్టు డబ్బు దూరం పోదు, కొనే ముందు వస్తువును చేత్తో పట్టి చూడవచ్చు. ఆన్‌లైన్ పక్షం కోరినట్టు ధర తక్కువ, రవాణా ఖర్చు లేదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, ఎఫ్‌బీఐ మౌనం కోసం మూడు రోజులు కాచుకోనక్కరలేదు. వేట లైసెన్సు చూపించమని అడిగే నాథుడు కూడా ఉండడు. కూచిపూడి క్లాసు బయట మాత్రం ఈ సంగతి ఇంకా చర్చకు రాలేదు. ట్రాన్స్‌ఫర్‌కు 35 డాలర్లు తీసుకోవడం న్యాయమా, 25 సరిపోదా అన్న దగ్గర వాదన ఆగి ఉంది.