పచ్చబూజు పెనిసిలిన్ కాదు: ఒక వాట్సాప్ సందేశానికి మాట మాటకూ జవాబు

వానలు పట్టగానే హైదరాబాద్ కాలనీ గ్రూపుల్లో ఈ సందేశం మళ్లీ తిరుగుతోంది. "బ్రెడ్ మీద పచ్చబూజు అంటే పెనిసిలిన్. పారేయకండి. పుండు మీద కట్టొచ్చు, గీకేసి తినొచ్చు, మిగిలింది కుక్కకో గేదెకో వేయొచ్చు. పెనిసిలియం వల్ల మనుషులకు ఎప్పుడూ జబ్బు రాదు." ఇందులో ఒక్క మాట సగం నిజం. మిగతావి ప్రమాదం.

"పచ్చబూజు అంటే పెనిసిలిన్"

పెనిసిలియం అనేది ఒక రకం బూజు, ఆ పేరుతో మూడు వందలకు పైగా జాతులున్నాయి. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటబడింది వాటిలో ఒకటి. బ్రెడ్ మీద పచ్చగా కనిపించేది ఆస్పర్‌జిల్లస్ అనే వేరే బూజు కూడా కావచ్చు, కంటితో చూసి చెప్పలేం. పోనీ, సరైన జాతే అనుకుందాం. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెనిసిలిన్ ఇచ్చినప్పుడు, లీటర్లకొద్దీ బూజు ద్రవం నుంచి తీసిన మందు కూడా చాల్లేదు. ఆయన మూత్రంలోంచి మందును తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. అయినా నిల్వ అయిపోయింది, మనిషి దక్కలేదు. అలాంటిది బ్రెడ్ ముక్కలో మందు ఎంతుంటుంది? తిన్నా లాభం లేదు. సహజ పెనిసిలిన్‌లో చాలా భాగం కడుపులోని ఆమ్లానికే చెడిపోతుంది.

"పుండు మీద కట్టొచ్చు"

వద్దు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు మీద అసలే వద్దు. బూజు పట్టిన బ్రెడ్ మీద ఒక్క జాతే ఉండదు. నల్ల చుక్కలతో దూదిలా లేచేది రైజోపస్ అనే మరో బూజు. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని నింపేసిన బ్లాక్ ఫంగస్‌కు ముఖ్య కారణం ఈ రైజోపస్ జాతులే.

"మనుషులకు ఎప్పుడూ జబ్బు రాదు"

సగం నిజం ఇదే. పెనిసిలియం జాతుల్లో చాలావాటికి 37 డిగ్రీల ఒంటి వేడి సరిపడదు, అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లో నిలవలేవు. కానీ కంటికి గాయమైనప్పుడు, పొట్టలో డయాలసిస్ గొట్టం ఉన్నప్పుడు, గుండెకు కృత్రిమ కవాటం అమర్చినప్పుడు ఇన్‌ఫెక్షన్లు వచ్చిన దాఖలాలున్నాయి. ఇవి అరుదు. ల్యాబ్‌లో రోగి నమూనాను పెంచే ఒక్క ప్లేటు మీద పెనిసిలియం మొలిస్తే అది గాలిలోంచి పడిందే కావచ్చు. తీసిన కణజాలంలో ఫంగస్ పోగులు కనబడాలి, మళ్లీ చేసిన కల్చర్‌లోనూ (నమూనాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలోనూ) అదే రావాలి. అప్పుడే నమ్మాలి.

వీటన్నిటికీ మినహాయింపు ఒకటుంది. 1956లో వియత్నాంలో వెదురు ఎలుకలో దొరికిన పెనిసిలియం మార్నెఫై. 2011 నుంచి దాని పేరు టాలరోమైసెస్ మార్నెఫై. 25 డిగ్రీల దగ్గర అది బూజుగా పెరుగుతుంది, ప్లేటులోకి ఎర్రరంగు ఊరుతుంది. 37 డిగ్రీల దగ్గర ఈస్ట్‌గా మారి, మధ్యలో అడ్డుగోడ కట్టుకుని రెండుగా చీలుతుంది. థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనాలతో పాటు మన మణిపూర్‌లోనూ ఉంది. హెచ్‌ఐవీతో సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) వందకంటే తగ్గినవాళ్లకు ఎక్కువగా సోకుతుంది. జ్వరం, బరువు తగ్గడం, ముఖం మీద నడుమ గుంట పడిన పొక్కులు. టీబీ అనుకుని వారాలు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే ఇలాంటి రోగి హైదరాబాద్‌లో కనబడితే, ఎప్పుడైనా ఆ ప్రాంతాల్లో ఉన్నారా అని అడగాలి. మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు గనుక ఆ ప్రాంతంవాళ్లను చూసి జంకాల్సిన పనిలేదు. మందు రెండు వారాలు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందును ఎక్కించడం, తర్వాత ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు. మొదటే మాత్రలతో సరిపెడితే ఏమవుతుందో వియత్నాంలో 440 మంది మీద చేసిన పరీక్ష చూపింది: 24 వారాల్లో మరణాలు మాత్రలతో 21 శాతం, ఆంఫోటెరిసిన్‌తో 11.3 శాతం.

"కుక్కకో గేదెకో వేయొచ్చు"

పెనిసిలియం క్రస్టోసం అనే జాతి పెనిట్రెమ్ అనే విషం చేస్తుంది. బూజు పట్టిన బ్రెడ్డో చీజో తిన్న కుక్కకు అరగంట నుంచి కొన్ని గంటల్లోపు వాంతులు, తూలుడు, ఒళ్లంతా వణుకు, ఆపై ఫిట్స్. వణుకు మొదలయ్యాక ఉప్పునీళ్లు తాగించి కక్కించబోతే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చప్పుడు, వెలుతురు తగ్గించి, తిన్నదాని ప్యాకెట్‌తో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వీధికుక్కలకు దయతో బ్రెడ్ వేసేవాళ్లు ముందు దాన్ని తిప్పి అడుగువైపు కూడా చూడండి.

దాణాలో పెరిగే కొన్ని పెనిసిలియం జాతులు ఆక్రటాక్సిన్ అనే విషం చేస్తాయి, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి. కోడికి ఆ రక్షణ లేదు. అలాగని గేదెకు బూజు దాణా వేయొచ్చని కాదు, అందులో ఉండే విషం ఇదొక్కటే కాదు.

"గీకేసి తినొచ్చు"

పైన కనిపించే పచ్చదనం బూజు విత్తులు (స్పోర్లు) మాత్రమే, పోగులు మెత్తటి బ్రెడ్ లోపలికి దిగి ఉంటాయి. ప్యాకెట్ మొత్తం పారేయండి, వాసన చూడకండి, కవర్‌లో ముడి వేసి చెత్తలో వేయండి. టోస్ట్ చేసినా ఆక్రటాక్సిన్ పోదు. గట్టి చీజ్‌కు మాత్రం బూజు చుట్టూ, కిందా రెండున్నర సెంటీమీటర్లు కోసి తీసేస్తే చాలు. ఆవకాయలో నూనె ముక్కల కంటే కిందికి దిగినా, తడి గరిటె పెట్టినా బూజు వస్తుంది. వచ్చిన జాడీని కలిపేసి వాడకండి. తెలియక ఒక ముక్క తిన్నవాళ్లకు మామూలుగా ఏమీ కాదు. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి వెళ్లండి.