నా ఇల్లు నా ఇష్టం సరే, మీ మేడ నీళ్లు మా గోడలో ఎందుకున్నాయి?

మొన్న శుక్రవారం సాయంత్రం ఈదురుగాలి లేచి ఒక అరగంట వాన కొట్టింది కదా. ఆ అరగంటకే మా పడగ్గది గోడ మీద, సరిగ్గా పెళ్లి ఫోటో పక్కన, చేటంత చెమ్మ మచ్చ తేలింది. ఆ గోడకి అవతల పక్కింటివాళ్ల మేడ పైపు ఉంది. అది సగానికి విరిగి మూడేళ్లయింది. నీళ్లు కిందిదాకా దిగవు, తిన్నగా మా గోడకే కొడతాయి. మూడేళ్లలో నాలుగుసార్లు చెప్పాను. "చేయిద్దాంలే చెల్లెమ్మా, పండగ వెళ్లనీ" అంటారు అన్నయ్యగారు. ఏ పండగో మాత్రం చెప్పరు. ఈసారి కాస్త గట్టిగా అడిగితే మొహం చిన్నబుచ్చుకుని, "నా ఇల్లమ్మా, నా ఇష్టం వచ్చినప్పుడు చేయించుకుంటా" అన్నారు.

ఆ మాట రెండు రోజులుగా చెవిలో తిరుగుతోంది. అందుకే ఈ పోస్టు. పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది హైదరాబాదులో ఎల్.బి.నగర్ దాటాక వచ్చే కాలనీ. నూట నలభై ఇళ్లు. ఎక్కువ భాగం తొంభైల చివర్లో కట్టినవి, నూట యాభై, రెండు వందల గజాల ప్లాట్లు. ఇంటికీ ఇంటికీ మధ్య మూడడుగుల సందు ఉంటే గొప్ప. పక్కింట్లో ఇంగువ పోపు వేస్తే మనింట్లో తుమ్ములొచ్చే దూరం. ఇందులో ఎవరి ఇల్లు వాళ్ల ఇష్టం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మా వెల్ఫేర్ అసోసియేషన్‌కి రెండేళ్లుగా నేనే ట్రెజరర్‌ని. అంటే నెలకి మూడు వందలు అడిగి మాటలు పడే ఉద్యోగం. మా మీటింగుల్లో గంటలకొద్దీ నడిచిన చర్చలేమిటంటే కాలనీ ఆర్చికి ఏ రంగు వెయ్యాలి, చవితి పందిరి ఏ రోడ్డులో వెయ్యాలి, లడ్డూ వేలం డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, ఇంకో నాలుగు సీసీ కెమెరాలు పెట్టాలా వద్దా. నేను వచ్చాక కాలనీలో జరిగిన దొంగతనం ఒక్కటే, ఒక పాత స్కూటీ. షాక్ కొట్టి ఆస్పత్రికి పోయినవాళ్లు ముగ్గురు. డెంగీ వచ్చినవాళ్లని లెక్కపెట్టడం మానేశాం. కెమెరాలు మాత్రం పదహారున్నాయి.

ఊరికే ఎదుటివాళ్లని అనడమెందుకని నిన్న పొద్దున నేనూ మా ఆయనా మా మేడ ఎక్కాం. శుక్రవారం వాన నీళ్లు ఒక మూల ఇంకా మడుగు కట్టి ఉన్నాయి. తూము జాలీ తీసి చెయ్యి పెట్టాను. పక్క ఖాళీ ప్లాటులోని నేరేడు చెట్టు ఆకులు, కుళ్లి పేస్టులా అయిపోయినవి. పావురం ఈకలు. సంక్రాంతి మాంజా ఉండ. దాని కింద ఒక షటిల్ కాక్. అది మావాడు పదో తరగతిలో పోగొట్టుకున్నది. వాడిప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. అంటే అన్నేళ్లుగా నా మేడ తూములో నేను చెయ్యి పెట్టలేదన్నమాట. కాక్ బయటికి లాగగానే నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. కాసేపు అక్కడే నిలబడిపోయాను. సిగ్గేసింది, చెప్పడానికేముంది.

ఒక చిన్న లెక్క చెప్తాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. మనం ఎండాకాలంలో బతిమాలి తెప్పించుకునే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు. తూము మూసుకుపోతే ఆ తొమ్మిది టన్నుల బరువూ మన నెత్తి మీద స్లాబు మోస్తూ ఉండాలి. పది సెంటీమీటర్లు ఎప్పుడు పడుతుందిలే అనకండి. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. ఆ రాత్రి మనలో ఎంతమందిమి ఫ్రిజ్జుల్ని బల్లలెక్కించామో గుర్తుందిగా.

మా అమ్మమ్మ వాళ్లది నల్గొండ దగ్గర పల్లె, గూన పెంకుల ఇల్లు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలోనే పెంకులు సర్దేవాళ్లని పిలిపించేది. కోతులు కదిపినవీ, పిల్లులు దొర్లించినవీ సరిచేయించి, పగిలినచోట కొత్తవి పెట్టించేది. మృగశిర వచ్చేసరికి ఆ పని అయిపోవాలి, అంతే. ఇందులో ఇష్టాయిష్టాలు లేవు, అందరి ఇంటిమీదా మనుషులుండేవాళ్లు. స్లాబు ఇళ్లొచ్చాక మనకి ఆ భయం పోయింది. ఒకసారి కాంక్రీటు పోస్తే మనవలదాకా చూసుకోనక్కర్లేదనుకున్నాం. మృగశిర అంటే ఇప్పుడు మనకి చేపల కూర, అంతే.

కానీ స్లాబు పెంకుకన్నా మొండిది, చెప్పకుండా పాడవుతుంది. సన్న బీటల్లోంచి నీళ్లు ఇంకి లోపలి ఇనుముకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన సలాక ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటుని కిందికి నెడుతుంది. మనకి కనపడేది ఆఖర్న, పెచ్చు ఊడి పడ్డాక. మనం చేసేదేమిటి? దసరాకి పుట్టీ కొట్టి రంగేయించడం. సరిగ్గా గృహప్రవేశం రోజు బురద కాళ్లకి పసుపు రాసినట్టు. వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే స్లాబు ఎండి ఉండాలి. అంటే ఏప్రిల్, మే. జూలైలో మేస్త్రీకి ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా చేసేదేం లేదు. సజ్జల కింద ఒకసారి తల ఎత్తి చూడండి. మా వీధిలోనే రెండిళ్లకి సలాకలు బయటికి కనిపిస్తున్నాయి. దాని కిందే స్కూల్ ఆటో ఆగుతుంది, పిల్లలు నిలబడతారు.

ఇక గోడలు. నాలుగో వీధి చివర ప్రహరీ ఎలా ఒరిగిందో అందరం చూస్తూనే ఉన్నాం. అవతలివైపు ఇల్లు కట్టేవాళ్లు తవ్విన మట్టంతా దాన్నానించే పోశారు. పొడి మట్టి వేరు, నీళ్లు తాగిన మట్టి వేరు. బాచుపల్లిలో 2024 మే 7న ఒక్క సాయంత్రం వానకి గోడ కూలి పక్క షెడ్లలో ఉన్న కూలీల కుటుంబాలవాళ్లు ఏడుగురు పోయారు. ఆ గోడ వాళ్లది కాదు. గోడ ఎప్పుడూ అవతలివాళ్ల మీదే పడుతుంది. ఇంకా నా గోడ నా ఇష్టమంటారా?

డ్రైనేజీ సంగతి ఎత్తితే కొందరికి కోపాలొస్తాయి, అయినా ఎత్తుతున్నా. మేడ నీళ్లని ఇంకుడు గుంతలోకో, వాన కాలవలోకో వదలాలి. మన కాలనీలో ఎన్నిళ్లకి ఆ పైపు గుట్టుగా డ్రైనేజీ లైన్‌లో కలిపి ఉందో నాకు తెలుసు, ప్లంబర్ చెప్పాడు. ఆ సన్న లైను మురుగు కోసం వేసింది. అందులోకి ఇరవై మేడల వాన ఒక్కసారి దిగితే ఏమవుతుంది? ఎత్తులో ఉన్నవాళ్లకి ఏమీ కాదు. పల్లంలో, ఆరో వీధిలో ఉన్న రిటైర్డ్ టీచరుగారి బాత్రూంలోంచి పైకి తంతుంది. ఆవిడ పోయినేడు వాన పడ్డ ప్రతిసారీ బాత్రూం కంతకి గోనెసంచి కుక్కి, దానిమీద రుబ్బురోలు పొత్రం పెట్టుకుని కూర్చుంది. అప్పుడు మనవాళ్లు చేసే రెండో ఘనకార్యం మ్యాన్‌హోల్ మూత తీసి పారేయడం. నీళ్ల కింద ఆ గుంత కనపడుతుందా? మూత తీయకండి. 155313కి కొట్టండి, జలమండలి నంబరు.

అన్నిటికన్నా నాకు భయం కరెంటు. పోయిన జూలైలో మూడో వీధిలో పాలబ్బాయి ఒక ఇనప గేటు మీద చెయ్యి వేసి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. గేటు స్తంభం మీద లైటుకి వెళ్లే వైరుకి అతుకు ఉంది, అతుక్కి చుట్టిన టేపు ఎండకి ఊడింది, వానకి గేటంతా కరెంటు. బతికాడు, దేవుడి దయ. ఆ గేటు వాళ్లదే, కాదనను. పాలబ్బాయి చెయ్యి ఎవరిది?

ఆ వారమే భయపడి మా ఇంటికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఎర్తింగ్ గుంత, అంటే లీకైన కరెంటుని భూమిలోకి దింపే గుంత, ఎక్కడమ్మా అన్నాడు. ఎవరికీ తెలీదు. చివరికి పార్కింగ్ టైల్స్ కింద దొరికింది. టైల్స్ వేయించేటప్పుడు అందంగా కప్పేశాం. తవ్వి చూస్తే లోపల పొడి దుమ్ము, వైరు పచ్చబారి, ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది. అతనన్న మాట నాకింకా గుర్తు: "అక్కా, మీకు ఎర్తింగ్ ఉంది. కాకపోతే భూమిలో లేదు."

ఇంకో సంగతి కూడా అప్పుడే నేర్చుకున్నా. మన బోర్డుల్లో వరసగా ఉండే ఎమ్‌సీబీలు, అంటే లోడెక్కువైతే పడిపోయే స్విచ్చులు, మనిషి కోసం పెట్టినవి కావు, వైరు కాలిపోకుండా పెట్టినవి. పదహారు ఆంపియర్ల ఎమ్‌సీబీకి మన ఒంట్లోంచి కరెంటు పోతున్న సంగతే తెలీదు. మనిషిని చంపడానికి ఆంపియరులో చిన్న వంతు చాలు. దాన్ని పసిగట్టి రెప్పపాటులో ఆపేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లది అని అడగాలి. రెండు మూడు వేలలో వస్తుంది, మన ఫోను కవరూ గ్లాసూ కలిపి ఎంతవుతాయో ఆలోచించుకోండి. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్‌మని పడిపోవాలి. పడకపోతే మార్చాలి. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ ఎలక్ట్రీషియన్ తిరిగిన ఇళ్లలో రెండిళ్లకి అది ఉంది, కానీ బైపాస్ చేసేసి ఉంది. ఎందుకంటే "మాటిమాటికీ పడిపోతోంది" అని! అది పడిపోతోందంటే ఎక్కడో లీకవుతోందని అర్థం. కుక్క అరుస్తోందని దొంగకి తలుపు తీసినట్టుంది. వీధి స్తంభం దగ్గర చిటపటలాడుతుంటే మాత్రం మీరు కర్ర పట్టుకుని వెళ్లకండి, 1912కి చెప్పండి, కరెంటువాళ్ల నంబరు.

సంపుల గురించి రెండే ముక్కలు. మూతకి గొళ్లెం ఉండాలి, పిల్లలున్న ఇళ్లలో తాళం. చాన్నాళ్లు మూసి ఉన్న సంపులోకి మనిషిని నేరుగా దింపకూడదు. లోపల గాలి చాలదు. దిగినవాడు పడిపోతాడు, తియ్యడానికి దిగినవాడూ పడిపోతాడు. ముందు మూత తీసి చాలాసేపు గాలాడనివ్వాలి, నడుముకి తాడు కట్టాలి, పైన ఇద్దరుండాలి. సెప్టిక్ ట్యాంకులోకైతే మనిషిని దింపనే కూడదు, రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. "వెయ్యి ఎక్కువిస్తా దిగు" అనే పెద్దమనుషులకి ఇది చెప్తున్నా.

దోమలకి కాంపౌండ్ గోడ అడ్డం కాదు. డెంగీ దోమ మురికి కాలవలో పుట్టదు. మీ కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, మనీప్లాంట్ సీసాలో, మేడ మీద పడేసిన టైరులో పుడుతుంది. గుడ్డు దోమయ్యేది వారం పది రోజుల్లో. నీళ్లు ఒంపితే సరిపోదు, అంచులు రుద్దాలి. ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. 2020లో ఆదివారం పది గంటలకి పది నిమిషాలు నిలవనీళ్లు పారబోయండి అని ప్రభుత్వం ఊదరగొట్టింది, మనమూ కుండీల పక్కన నిలబడి ఫోటోలు దిగాం. ఆ ఫోటోలు గ్రూపులో ఇంకా ఉన్నాయి. ఆ కుండీలూ అలాగే ఉన్నాయి.

తాళాలేసిన ఇళ్ల సంగతి వేరే చెప్పాలి. మన కాలనీలో అవి పదకొండు. అబ్బాయిలు అమెరికాలో ఉంటారు. మా మరిది కూడా డాలస్‌లోనే. గడ్డి ఎత్తు పెరిగిందని అక్కడి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, వాళ్లు ఉత్తరం పంపారని గంట తిట్టాడు ఆ మధ్య. శనివారమంతా గడ్డి కోశాడట. మన కాలనీలో తాళమేసిన అతని ఇంటి సంపులో ఏం ఈదుతున్నాయో ఒకసారి వీడియో కాల్‌లో చూపించాను. తర్వాత రెండు వారాలు ఫోన్ లేదు. అలాగని మనకీ హెచ్‌ఓఏ కావాలని కాదు. గేటు రంగు బాలేదని జరిమానా వేసేవాళ్లు మనకొద్దు. కానీ ఒక తాళం చెవి అసోసియేషన్ దగ్గర పెట్టండి బాబూ, ఏడాదికి రెండుసార్లు చూస్తాం.

డబ్బులెక్కడివి అంటారని తెలుసు. పెద్దవాళ్లిద్దరే ఉండి, పింఛనుతో నెట్టుకొచ్చే ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాళ్లని మేడ ఎక్కమనడం పాపం. అందుకే ఈసారి నాలుగు కెమెరాల డబ్బు ఆపేసి ఒక ఎలక్ట్రీషియన్‌నీ ఒక మేస్త్రీనీ వారం రోజులు మాట్లాడదామని మీటింగులో పెట్టాను. ముందు పెద్దవాళ్ల ఇళ్లు, తర్వాత తాళాల ఇళ్లు, తర్వాత మనవి. అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు ఓనర్‌కి చెప్పడానికి మొహమాటపడితే నాకు చెప్పండి, నేను ఫోన్ చేస్తా. నాకు మొహమాటం ఎప్పుడో పోయింది, ట్రెజరర్‌ని కదా. ప్రెసిడెంటుగారు "చూద్దాం" అన్నారు. "చూద్దాం" అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పక్కింటి అన్నయ్యగారి పైపు సంగతి: ఆయన ఇష్టం ఎప్పుడు కలుగుతుందో తెలీదు కాబట్టి నిన్న సాయంత్రం నేనే రెండు పైపు ముక్కలు, ఒక మోచెయ్యి, క్లాంపులు తెచ్చి ఆయన గేటు దగ్గర పెట్టి వచ్చాను. ఏడు వందల ఇరవై అయింది. బిల్లు కూడా దానికే దారంతో కట్టాను.

నిచ్చెన మా ఇంట్లో ఉంది, ఈ ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎవరైనా పట్టుకెళ్లొచ్చు. కాకపోతే తిరిగి తెచ్చిపెట్టండి. పోయినేడు జూన్‌లో తీసుకెళ్లినవాళ్లు సంక్రాంతికి ఇచ్చారు.