గాలితో చేతులు కడుగుదాం రండి

బడుల్లో ఆరోగ్య విద్య అమలు కావడం లేదని గొణిగేవాళ్లు అక్టోబర్ 15న హనుమకొండ చుట్టుపక్కల సర్కారు బడికి వెళ్లి రావాలి. ఆ రోజు ప్రపంచ చేతుల శుభ్రత దినం. నేను చూసిన బడిలో గోడంత ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో నల్లా ఉంది, నల్లాలో నీళ్లున్నాయి. బడిలోనే లేవు.

అయినా కార్యక్రమం ఆగలేదు. అతిథిగారు వచ్చి శాలువా కప్పించుకున్నారు. "సార్, నల్లా వస్తలేదు" అన్నాడు ముందు వరుసలో పిల్లగాడు. "ఫొటోల నీళ్లు కనిపిస్తయారా? కానియ్" అన్నారు సారు. అంతే, చేతులన్నీ గాల్లోకి లేచాయి. అరచేతులు రుద్దారు, వేళ్ల సందులు రుద్దారు, బొటనవేలు తిప్పారు, గోళ్లు గీకారు. ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టారు. ఓ బుడ్డది చివర్లో చేతులు విదిలించి గౌనుకు తుడుచుకుంది కూడా! అతిథిగారు మురిసిపోయి చప్పట్లు కొట్టారు. చూపించడానికి తెచ్చిన సబ్బు, కాగితం విప్పకుండానే బీరువాలోకి పోయింది. వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

విధానానికి వంక పెట్టలేం. ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లోనే మొదలైంది. బడికి ఇద్దరు టీచర్లు ఆరోగ్య రాయబారులు, 11 అంశాలు, వారానికో గంట. రాయబారి అంటే మామూలు హోదానా? లెక్కలు చెప్పాలి, మధ్యాహ్న భోజనంలో గుడ్లు లెక్కపెట్టాలి, ఓటర్ల జాబితా పట్టుకుని తిరగాలి, మిగిలిన టైంలో గ్రూపులో ఫొటోలు పెట్టాలి. గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మొద్దన్న నిబంధన కూడా ఉంది. మిర్చి బండాయనకే ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం రాగానే సారు నీళ్లు నములుతారు (ఆ బడిలో ఉన్న నీళ్లు అవే). "ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. ఇంటికాడ ఎవరు చెప్తారు? అమ్మకే ఎవరూ చెప్పలేదు. రుతు పరిశుభ్రత దినమైతే మే 28న, నిండు ఎండాకాలం సెలవుల్లో. టెన్షనే లేదు.

ఇక నాకు నవ్వు రాదు. ఆ బడిలో ఆడపిల్లల బాత్రూంకు తాళం. చెవి ఆఫీసు రూములో. పదమూడేళ్ల పిల్ల అందరి ముందు సారును చెవి అడగాలట! అడగలేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు. నెలసరి వస్తే బడికే రారు, లీవు చీటీలో జ్వరమని రాస్తారు. సిగ్గుండాలి మనకు. తాళం ఎందుకంటే, "తీస్తే ఖరాబు చేస్తరు" అట. ఖరాబైతే కడగాలి. కడగడానికి మనిషి కావాలి, బక్కెట్లో నీళ్లుండాలి, ఆ మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఆ జీతం ఏ పద్దులో రాశారో చూపించమనండి.