తీర్పు పొడవు, టీ కొరత

గుంటూరు కోర్టుకి పంపకాల దావా వాయిదాకొచ్చే అన్నదమ్ముల్ని గమనించండి. ఒకే బండి మీద వస్తారు, టీ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని పెనుగులాడతారు, లోపలికెళ్లాక మాత్రం ఆ సంతకం నాది కాదు, మా అన్నే పెట్టాడని ప్రమాణం చేస్తారు. సుప్రీంకోర్టులో రివర్సు. ఏ చుట్టరికమూ లేని జడ్జీలు తీర్పు కాగితం మీద ‘గౌరవనీయ సోదరుడు’ అంటూనే ఆ సోదరుడి తర్కాన్ని పేజీల కొద్దీ ఉతికి ఆరేస్తారు. ‘సవినయంగా’ అని మొదలైందంటే కింద మంట గట్టిగానే ఉందని ప్లీడరు గుమాస్తాకి కూడా తెలుసు.

నా లోతైన పరిశోధనలో తేలిందేమిటంటే, జడ్జీలు కలిసి టీ తాగకపోతే మనం ఎక్కువ పేజీలు చదవాల్సొస్తుంది. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు మార్చొచ్చో తేల్చిన 1973 కేశవానంద భారతి కేసే సాక్ష్యం. 13 మంది జడ్జీలు, 11 తీర్పులు, 7 ఇటు, 6 అటు. మార్చి 23న వాదనలు ముగిశాయి, ప్రధాన న్యాయమూర్తి సిక్రీ గారి రిటైర్మెంటు ముంచుకొచ్చింది, ఏప్రిల్ 24న తీర్పు. విడిగా రాయకూడదనే అనుకున్నానని, లాయర్ల వాదనలకే టైమంతా సరిపోయి డ్రాఫ్టులు ఇచ్చిపుచ్చుకునే తీరిక లేకపోయిందని, నలుగురి అభిప్రాయాలే పూర్తిగా తెలిశాయని వై.వి. చంద్రచూడ్ గారు తన తీర్పులోనే మొరపెట్టుకున్నారు. ఇంతకీ మెజారిటీ ఏమందో తేల్చడానికి ఇంకో కాగితం రాస్తే దానిమీద నలుగురు సంతకమే పెట్టలేదు.

డ్రాఫ్టు ముందే అందినా చిక్కే. 2024లో తొమ్మిదిమంది జడ్జీలు విన్న ప్రైవేటు ఆస్తుల కేసులో, దివంగత సుప్రీంకోర్టు జడ్జీ కృష్ణయ్యర్ గారి మీద డ్రాఫ్టులో ఉన్న ఒక విసురుని జస్టిస్ నాగరత్న తప్పుపట్టారు. తుది తీర్పులో ఆ వాక్యం మాయమైంది, ఆవిడ రాసిన అభ్యంతరం మాత్రం అలాగే ఉండిపోయింది. లేని మాటకి జవాబు! (మా వీధి కుళాయి దగ్గర ఇది రోజూ జరిగేదే, కాకపోతే రిపోర్టు కాదు.)

అలాగని మరీ కలిసిపోయినా ప్రమాదమే. ఎమర్జెన్సీలో, 1976లో, నిర్బంధంలో ఉన్నవాళ్లు విడుదల కోసం కోర్టుకెళ్లలేరని నలుగురు జడ్జీలు ఒకే దారిన పోతే హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే కాదన్నారు. మరుసటి ఏడు ప్రధాన న్యాయమూర్తి కుర్చీ ఆయన జూనియర్‌కి వెళ్లింది.

కాబట్టి 1954లో దక్కిన హైకోర్టుని రెండేళ్లకే హైదరాబాదుకి పోగొట్టుకున్న గుంటూరు వాసిగా, ఇప్పుడు నేలపాడులో ఉన్న హైకోర్టు నుంచే సంస్కరణ మొదలవ్వాలని కోరుతున్నాను. డ్రాఫ్టుతో పాటు ఫ్లాస్కులో అల్లం టీ వెళ్లాలి. తాగినంత మాత్రాన ఏకీభవించినట్టు కాదని ఫ్లాస్కు మీదే రాయించాలి. టీ దగ్గర ప్రమోషన్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తకూడదు.