ఒకోసారి స్టార్ట్ కాని కారుకి కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుందా?

కార్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. సారాంశం ఇది: "కారు ఒకోసారి స్టార్టయి ఒకోసారి కాకపోతే బ్యాటరీ పోయినట్టే. జంపర్ కేబుల్ పెట్టగానే స్టార్టయితే ఇక అనుమానమే అక్కర్లేదు. డైనమో పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగా నెగటివ్ టెర్మినల్ తీసి చూడండి. సెల్ఫ్ మొరాయిస్తే పానాతో రెండు దెబ్బలు వేయండి. వేడి మీద స్టార్ట్ కాకపోతే పెట్రోల్ ఆవిరైపోయిందని అర్థం. స్కానర్‌లో కోడ్ రాలేదంటే వైరింగ్ బాగున్నట్టే."

ఒక్కో మాటలో పిసరంత నిజం ఉంది. అందుకే నమ్మబుద్ధేస్తుంది. కానీ దీన్ని నమ్మి వేలు పోసి బ్యాటరీ మార్చాక, పదిహేను రోజులకి అదే కారు అదే చోట మళ్లీ ఆగిపోతే ఆ డబ్బు ఎవరూ వెనక్కి ఇవ్వరు. అందుకని ఒక్కొక్కటే చూద్దాం.

"ఒకోసారి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ పోయినట్టే"

పోయిన బ్యాటరీ సాధారణంగా రోజురోజుకీ నీరసిస్తుంది. పొద్దున్నే సెల్ఫ్ (ఇంజిన్‌ని మొదట తిప్పే స్టార్టర్ మోటారు) బరువుగా తిరుగుతుంది, రెండు రోజులకి ఇంకా బరువవుతుంది, చివరికి ఆగిపోతుంది. నిన్న చురుగ్గా తిరిగి, ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, పది నిమిషాలకి మళ్లీ చురుగ్గా తిరిగే కారులో ముందు అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, కరెంటు వెళ్లే దారిని. లోపల ప్లేట్లను కలిపే పట్టీ విరిగిన బ్యాటరీ కూడా ఇలాగే ఆడించే మాట నిజమే. అయితే అది అరుదు.

అసలు "స్టార్ట్ కావట్లేదు" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. తాళం తిప్పితే ఏ చప్పుడూ రాకపోవడం ఒకటి. టక్ మని శబ్దం వచ్చి సెల్ఫ్ తిరగకపోవడం రెండోది. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం మూడోది. ఈ మూడోదానికి బ్యాటరీతో దాదాపు సంబంధం ఉండదు. మొదటి రెండింటినీ విడదీయడానికి మీటరు (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మల్టీమీటరు) కూడా అక్కర్లేదు, హెడ్‌లైట్లు చాలు. లైట్లు వేసి, గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పండి.

లైట్లు పూర్తిగా ఆరిపోయినా, టకటకమని వరసగా చప్పుడు వచ్చినా బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. లైట్లు కాస్త తగ్గి ఒక్కసారే గట్టిగా టక్ మంటే కరెంటు సెల్ఫ్ దాకా వచ్చి అక్కడ ఆగుతోంది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా నిశ్శబ్దంగా ఉంటే సెల్ఫ్‌కి తిరగమనే ఆజ్ఞే అందలేదు. అప్పుడు చూడాల్సినవి ఇగ్నిషన్ స్విచ్, స్టార్టర్ రిలే, మాన్యువల్ కారైతే క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్, ఆటోమేటిక్ అయితే గేర్ పొజిషన్ స్విచ్. ఆటోమేటిక్‌లో పి (పార్క్) నుంచి ఎన్ (న్యూట్రల్)కి మార్చి ప్రయత్నిస్తే తిరిగిందా, దొంగ దొరికినట్టే. బటన్ స్టార్ట్ కారులో బ్రేక్ తొక్కినప్పుడు వెనక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడండి. ఆ చిన్న స్విచ్ పాడైతే బ్రేక్ తొక్కారన్న సంగతే కారుకి తెలియదు, సెల్ఫ్ తిరగదు.

బ్యాటరీని నిజంగా పరీక్షించాలంటే కారు రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే మీటరు పెట్టాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 లోపయితే ఖాళీ అయినట్టే. కానీ ఈ అంకె ఒక్కటీ చాలదు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ మీద 9.6 వోల్టులకి తగ్గకూడదు. 12.6 చూపించి సెల్ఫ్ కొట్టగానే 7కి పడిపోయే బ్యాటరీలుంటాయి, వాటిని మాత్రం మార్చాల్సిందే.

ఇంకొకటి. రెండు మూడు రోజులు నిలిపితేనే మొరాయిస్తే, కారు ఆగి ఉన్నప్పుడు ఎవరో కరెంటు తాగుతున్నారు. బయట బిగించుకున్న డాష్‌క్యామ్, ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్ ఇందులో ముందుంటాయి. మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలపండి. కారు తలుపులు లాక్ చేసి అరగంట నుంచి నలభై నిమిషాలు ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, దాని ఫ్యూజు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే ఫర్వాలేదు. 300 ఉంటే రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతున్నట్టు. 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీకి మూడు రోజుల్లో సగానికి పైగా పోతుంది. ఇక్కడ కొత్త బ్యాటరీ వేసినా నాలుగో రోజు మళ్లీ అదే కథ.

"జంపర్ పెడితే స్టార్టయింది కాబట్టి బ్యాటరీదే తప్పు"

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. పక్క కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే జంపర్ కేబుల్ క్లిప్ బిగించేటప్పుడు టెర్మినల్ కదులుతుంది. వదులుగా ఉన్నది, తెల్లటి పొర పట్టినది ఆ కదలికకే మళ్లీ అతుక్కుంటుంది. పైగా నల్ల క్లిప్‌ని నియమం ప్రకారం ఇంజిన్ లోహానికి పెడతాం కదా, దాంతో కరెంటు వెనక్కి రావడానికి కొత్త ఎర్త్ దారి ఏర్పడుతుంది. మీ కారు సొంత ఎర్త్ వైరు లోపల తుప్పుపట్టి ఉన్నా జంపర్ కేబుల్ దాని పని చేసేస్తుంది. అంటే కారు స్టార్టయ్యింది పక్క కారు బ్యాటరీ వల్లే అని చెప్పలేం, పక్క కారు నల్ల వైరు వల్ల కూడా కావచ్చు.

దీన్ని తేల్చే పరీక్ష సులువు. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ లాగి ఉండాలి. ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేయండి. మీటరు వైరు చివరి ముల్లు ఒకటి బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్ట్ మీదే ఆనించాలి, దానికి బిగించిన క్లాంప్ మీద కాదు. రెండో ముల్లు ఇంజిన్ మీద పెయింట్ లేని చోట. ఇంకొకరిని 4-5 సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. 0.2 లేదా 0.3 వోల్టు లోపు రావాలి. అంతకు మించితే టెర్మినల్, ఎర్త్ వైరు, అది బాడీకీ ఇంజిన్‌కీ బిగిసే బోల్టుల్లో ఎక్కడో అడ్డం ఉంది. తర్వాత పాజిటివ్ పోస్ట్ నుంచి సెల్ఫ్ మోటారు మీది లావు వైరు బోల్టుకి అలాగే చూడండి, 0.5 దాటకూడదు. రెండు ప్రయత్నాల మధ్య కనీసం అర నిమిషం ఆగండి, సెల్ఫ్ వైండింగ్ కాలకుండా ఉంటుంది.

కొందరు ఇదే పనికి మీటరు బీప్ పెట్టి "వైరు బాగానే ఉంది" అంటారు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ మోగుతుంది. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ కూడా 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.01 ఓమ్ అడ్డం చాలు, 150 ఆంపియర్ల దగ్గర 1.5 వోల్టులు అక్కడే ఆవిరి. మామూలు మీటరు అంత చిన్న ఓమ్‌ని నమ్మకంగా చూపించలేదు. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది.

మరమ్మతుకి పెద్ద ఖర్చు లేదు. 10 నంబరు పానాతో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీయండి. వంట సోడా కలిపిన వేడి నీళ్లతో తెల్ల పొర కడిగి, బాగా ఆరాక, సీసం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. చేత్తో తిప్పితే క్లాంప్ కదలకూడదు.

"ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ తీసి చూడండి"

వద్దు. దయచేసి వద్దు. పాత అంబాసిడర్ రోజుల్లో చెల్లిందేమో గానీ, ఇప్పటి కారులో ఇది ఇంజిన్ కంప్యూటర్‌తో జూదం. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో కరెంటు ఇస్తుండగా బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజీ క్షణంలో కొన్ని పదుల వోల్టులకి ఎగబాకుతుంది. మీటరుతో ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూస్తే చాలు, 13.8 నుంచి 14.5 దాకా ఉంటే బాగున్నట్టు. కొన్ని కొత్త కార్లలో డైనమోని కంప్యూటరే తగ్గించి నడుపుతుంది, అందుకని లైట్లు, ఏసీ వేసి మరోసారి చూడండి.

"సెల్ఫ్ మీద రెండు దెబ్బలు వేస్తే సరి"

దెబ్బకి తిరిగితే అది రోగం తగ్గడం కాదు, రోగం పేరు తెలియడం. సెల్ఫ్ మీద ఉండి మోటారుకి కరెంటు కలిపే స్విచ్ లాంటి సొలినాయిడ్ లోపల రెండు కాయిళ్లుంటాయి. లాగే కాయిల్‌కి ఎర్త్ దొరికేది సెల్ఫ్ మోటారు కార్బన్ల గుండానే. కార్బన్లు అరిగి, మోటారులో తిరిగే రాగి భాగమైన కమ్యుటేటర్‌ని తాకకపోతే ఆ కాయిల్ పనిచేయదు, అందుకే చప్పుడు నీరసంగా వస్తుంది, లేదా అసలు రాదు. దెబ్బ వేస్తే కార్బన్ కదిలి తాకుతుంది. గట్టిగా టక్ మంటూ మోటారు మాత్రం తిరగకపోతే, కార్బన్ల కంటే ముందు సొలినాయిడ్‌లోని రాగి కాంటాక్టులని అనుమానించాలి. చాలా సెల్ఫ్‌లలో ఈ రెండూ విడిగా దొరుకుతాయి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ విప్పి మార్చేస్తాడు, మొత్తం సెల్ఫ్ కొనక్కర్లేదు.

అయితే విప్పే ముందు ఒక్క సంగతి. తాళం తిప్పినప్పుడు సొలినాయిడ్ సన్న వైరుకి కరెంటు వస్తోందో లేదో టెస్ట్ లాంప్‌తో చూడమనండి. అది వెలగకపోతే సెల్ఫ్ నిర్దోషి.

"వేడి మీద స్టార్ట్ కాకపోతే పెట్రోల్ ఆవిరైంది"

కార్బురేటర్ ఉన్న కార్లకి ఈ మాట సరిపోయేది. ఇంజెక్షన్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పైపుల్లో సాధారణంగా 3-4 బార్ ఒత్తిడి ఉంచుతుంది కాబట్టి ఆవిరి పట్టడం చాలా తక్కువ. మే నెల ఎండలో దూరం వెళ్లొచ్చి, టీ తాగి తిరిగొచ్చేసరికి సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే ముందు క్రాంక్ సెన్సార్‌ని (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పేదాన్ని) చూడాలి. వేడికి లోపలి వైండింగ్ విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఆ ఆగిన క్షణంలోనే స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చూపే పరికరం) పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. మామూలుగా 200 అటూ ఇటూ కనిపించాలి. సెల్ఫ్ తిరుగుతుండగా సున్నా చూపిస్తే సెన్సార్, లేదా దాని వైరు.

ఆర్‌పీఎం వస్తుంటే పెట్రోల్ వైపు చూడండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు జుయ్ మనాలి. ఆ శబ్దం లేకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు. శబ్దం వస్తోంది, కానీ రాత్రంతా నిలిపాక చాలాసేపు కొడితేగానీ అందుకోదు అంటే, స్టార్ట్ చేయకుండా తాళం మూడుసార్లు ఆన్-ఆఫ్ చేసి అప్పుడు కొట్టండి. వెంటనే అందుకుంటే పైపుల్లో ఒత్తిడి నిలవట్లేదు. పంపు వాల్వో, కారే ఇంజెక్టరో కారణం.

సీఎన్‌జీ కార్లున్నవాళ్లకి ఒక మాట. వాటిలో చాలావరకు పెట్రోల్ మీద స్టార్టయి గ్యాస్‌కి మారతాయి. గ్యాస్ చవక కదా అని పెట్రోల్ ట్యాంకుని అడుగంటిస్తే, పెట్రోల్‌తోనే చల్లబడే పంపు వేడెక్కి పాడవుతుంది.

"స్కానర్‌లో కోడ్ రాలేదు, అంటే అంతా బాగుంది"

బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే లావు వైరునీ, ఎర్త్ బోల్టునీ చాలా కార్లలో ఏ కంప్యూటరూ కనిపెట్టి ఉండదు. అక్కడి తుప్పుకి కోడ్ లేదు. అలాగే తాళంలోని చిప్‌ని కారు ఒకోసారి గుర్తుపట్టకపోతే కొన్ని కార్లు సెల్ఫ్ తిరగనివ్వవు, కొన్ని తిరగనిచ్చి ఇంజిన్‌ని అందుకోనివ్వవు. మీటర్ బోర్డులో తాళం బొమ్మ మిణుకుతోందేమో చూడండి. మిణికితే ఇంట్లో బీరువాలో ఉన్న రెండో తాళంతో వారం రోజులు నడపండి. ఆ వారంలో ఇబ్బంది రాకపోతే మొదటి తాళాన్నే అనుమానించాలి. బటన్ కారైతే రిమోట్‌లో సెల్ మార్చి చూడండి, చాలా రిమోట్లకి సీఆర్2032 సరిపోతుంది. సెల్ పూర్తిగా అయిపోయినా రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే ఎక్కువ కార్లు స్టార్టవుతాయి. కొన్నింటిలో రిమోట్ పెట్టే చోటు వేరే ఉంటుంది, అది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.