ఉప్పు తినేవారూ, ఓటు వేసేవారూ

ఎన్నికలంటే మైకుల మోత, ఫ్లెక్సీలు, అర్ధరాత్రి తలుపు తట్టి చేతిలో పెట్టే కవర్లు అని వాపోయే మా కోనసీమ పెద్దలకు 1920లో జరిగిన ఒక నిర్మలమైన ఎన్నికను సవినయంగా గుర్తుచేయదలచాను. 1919 భారత ప్రభుత్వ చట్టంతో పుట్టిన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అనే ఎగువసభకు ఆ ఏడాది ఓటర్లు సుమారు 17,000 మంది. ఇది మా మండలం లెక్క కాదు, బ్రిటిష్ ఇండియా మొత్తం లెక్క. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో వారందరినీ వదిలిపెడితే మళ్ళీ వెతికి పట్టుకోవడం కష్టం.

భారీగా శిస్తు కట్టే భూస్వాములకూ, పెద్ద ఆదాయప్పన్ను చెల్లించే వర్తకులకూ, మరికొందరు గౌరవనీయులకూ ఓటు ఇచ్చారు. కౌలుదార్లకూ పాలేర్లకూ ఇవ్వలేదు. ఆడవారి సంగతి ఎత్తనే లేదు. ఇందులో అన్యాయం ఏముందో నాకు బోధపడదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన నాటి నుంచీ ఎగువవాడు తడుపుకోగా మిగిలిందే శివారుకు చేరుతుందన్నది డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన రాజ్యాంగమే కదా! (కాలువ తలలో పది ఎకరాలు ఉన్నవాణ్ణి కనుక నా అభిప్రాయం నిష్పాక్షికమైనదని మనవి.) పైగా ఆ ఏడు కాంగ్రెస్ సహాయ నిరాకరణ పేరుతో ఎన్నికలను బహిష్కరించడంతో ఉన్న కాస్త రద్దీ కూడా తగ్గింది.

అటువంటి సభ ఎంత ఉపయోగకరమో 1923లో తేలింది. 82 పౌన్ల మణుగు ఉప్పుపై సుంకాన్ని రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచాలని సర్కారు తలపెడితే దిగువసభ కాదన్నది. దిగువసభకు ఓటర్లు సుమారు తొమ్మిది లక్షల మంది. అంతమంది పంపిన సభ పొరబడడంలో వింత లేదు. వైస్రాయి లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ఆ పన్ను అత్యవసరమని ధ్రువీకరించి ఎగువసభకు పంపగా, పేరుకు ముందు ‘ఆనరబుల్’ తగిలించుకున్న సభ్యులు సరేనన్నారు. అది మార్చి నెల. చెట్ల మీద కాయ ముదురుతోంది, ఇళ్ళల్లో జాడీలు ఎండకు పెడుతున్నారు, కారం దంపిస్తున్నారు; ఉప్పు ఒక్కటే రెట్టింపు పన్నుతో రావలసి ఉంది.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం వయోజనులందరికీ లోక్‌సభ ఓటు ఇచ్చినా, ఎగువసభ అయిన రాజ్యసభను మాత్రం వారి చేతికి అందనంత ఎత్తులోనే ఉంచి, సభ్యులను ఎన్నుకునే శ్రమను శాసనసభ్యులకు అప్పగించింది. అప్పుడు మనం ఉన్న మద్రాసు రాష్ట్రానికి 27 స్థానాలు దక్కాయి. రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోవాలి కనుక, తొలి సభ్యులలో రెండేళ్ళకు ఎవరు దిగాలో, నాలుగేళ్ళకు ఎవరు దిగాలో, ఆరేళ్ళూ ఎవరు ఉండాలో చీట్లు తీసి తేల్చారు. ప్రజాభిప్రాయం మీద కంటే చీటీ మీద నమ్మకం ఉంచడం మా ఊళ్ళో వంతు నీటి తగాదాల్లోనూ ఉన్నదే.

ఈ చరిత్రంతా మా చేను కౌలుకు చేసే రైతుకు అరుగు మీద కూర్చోబెట్టి వివరించాను. అతడు శ్రద్ధగా విని, “ఆయ్, అయితే ఆ పదిహేడు వేల మందీ ఆవకాయ పెట్టుకోరాండీ?” అని అడిగాడు. ఓటు ఇస్తే ఇలాంటివాళ్ళు ఇలాంటి ప్రశ్నలే వేస్తారని 1919లోనే పసిగట్టిన దొరల ముందుచూపుకు మనసులోనే నమస్కరించి, కౌలు కింద రావలసిన మక్తా ధాన్యం సంగతి ఎత్తాను.